చిగుళ్ళ జబ్బు: బ్యాక్టీరియా పాత్ర ఎంత, మన ఒంటి పాత్ర ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రష్ మీద రక్తం కనిపించిన రోజు పేస్టు మారుస్తాం. పన్ను కదిలిన రోజు డాక్టరు దగ్గరికి పరుగెడతాం. చాలామందికి ఈ రెండు రోజుల మధ్య ఏళ్ళకి ఏళ్ళు గడిచిపోతాయి. ఆ మధ్యకాలంలో చిగురు కింద ఏం జరుగుతుందన్నదే ఇక్కడి ప్రశ్నలన్నిటి సారాంశం.

బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోంది. గట్టిగా తోముతున్నందుకేనా?

చాలామంది విషయంలో కాదు. ఆరోగ్యంగా ఉన్న చిగురు మామూలు బ్రష్ తగిలినంత మాత్రాన రక్తం కార్చదు. పంటికీ చిగురుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది, లోతు 1 నుంచి 3 మి.మీ. పంటి అంచున పాచి కొన్నాళ్ళు అలాగే ఉండిపోతే అక్కడి రక్తనాళాలు ఉబ్బుతాయి, సందు లోపలి పలచటి పొర అక్కడక్కడా పుండు పడుతుంది. బయటికి కనిపించని ఆ పుండుకి బ్రష్ తగిలి రక్తం వస్తుంది. దాన్ని చూసి భయపడి ఆ చోట తోమడం మానేస్తే పాచి ఇంకా పేరుకుని, వాపూ రక్తమూ ఇంకా పెరుగుతాయి. మెత్తటి బ్రష్‌తో, నిదానంగా, సరిగ్గా ఆ చోటనే తోమాలి. మామూలు వాపే అయితే వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. రెండు వారాలైనా తగ్గలేదంటే లోపల గార ఉండి ఉండొచ్చు, డాక్టరుకి చూపించండి.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, ఒంటి మీద కారణం లేకుండా కమిలిన మచ్చలు కనిపిస్తున్నవాళ్ళు పళ్ళ డాక్టరుతో ఆగకూడదు. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడూ, కొన్ని రక్తజబ్బుల్లోనూ ముందుగా చిగుళ్ళ నుంచే రక్తం రావచ్చు.

పాచి అంటే పళ్ళ మధ్య ఇరుక్కున్న తిండేగా? పుక్కిలిస్తే పోదా?

తిండి ముక్కలు పుక్కిలిస్తే పోతాయి. పాచి పోదు, ఎందుకంటే అది తిండి కాదు, ప్రాణమున్న పొర. పళ్ళు శుభ్రంగా తోముకున్న కొద్ది నిమిషాలకే లాలాజలంలోని ప్రోటీన్లు పంటి మీద కంటికి కనిపించని పొరగా పరుచుకుంటాయి. దాని మీద మొదట స్ట్రెప్టోకాకస్, ఆక్టినోమైసిస్ జాతుల బ్యాక్టీరియా అతుక్కుంటాయి. ఇవి పెద్దగా హాని చేసేవి కావు. వాటిని పట్టుకుని పొడవాటి ఫ్యూసోబాక్టీరియం చేరుతుంది. ఆక్సిజన్ గిట్టని రకాలు ఆ ఫ్యూసోబాక్టీరియాన్ని ఆసరా చేసుకుని లోపలికి వస్తాయి. మనుషుల నోళ్ళలో ఇప్పటిదాకా గుర్తించినవి 700 పైచిలుకు రకాలు. అవి తమ చుట్టూ జిగురులాంటి పదార్థం అల్లుకుని అందులో బతుకుతాయి. అందుకే నీళ్ళకీ, మౌత్‌వాష్‌కీ, మందులకీ అంత తేలిగ్గా లొంగవు, గీరితేనే కదులుతాయి.

గీరకుండా వదిలేసిన పాచిలోకి లాలాజలంలోని కాల్షియం చేరి రోజుల్లోనే గట్టిపడుతుంది. అదే గార. లాలాజలం నోట్లోకి ఊరే చోట్లకి దగ్గరగా ఉన్న పళ్ళకే, అంటే కింది ముందుపళ్ళ లోపలివైపు, పై దవడపళ్ళ బుగ్గవైపు, గార ఎక్కువగా పడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక బ్రష్‌తో రాదు. అయితే అసలు దోషి గార కాదు. దాని గరుకు ఒంటి మీద కొత్త పాచికి చోటు దొరుకుతుంది, అదీ దానివల్ల వచ్చే చిక్కు.

ఇదంతా బ్యాక్టీరియా పనేనని రుజువేమిటి?

పంటి పాచిలో కదిలే ప్రాణులున్నాయని హాలెండ్‌కి చెందిన లీవెన్‌హుక్ 1683లోనే తన సూక్ష్మదర్శినిలో చూసి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. కానీ ఉన్నాయని తెలియడం వేరు, జబ్బు వాటివల్లేనని తేల్చడం వేరు. ఆ పని 1965లో జరిగింది. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హారల్డ్ లోయె బృందం ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మందిని తీసుకుంది. వాళ్ళలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. వాళ్ళని పళ్ళు తోముకోవడం పూర్తిగా మానెయ్యమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. పాచిలో బ్యాక్టీరియా రకాలు ఎలా మారుతూ వచ్చాయో రోజుల వారీగా నమోదు చేశారు. మళ్ళీ తోమడం మొదలుపెట్టగానే కొద్ది రోజుల్లో అందరి చిగుళ్ళూ మామూలయ్యాయి.

పాచి ఉంటే వాపు, తీసేస్తే మాయం. లెక్క తేలిపోయిందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. తేలలేదు.

మా తాతయ్య ఏనాడూ సరిగ్గా పళ్ళు తోమలేదు, ఎనభై ఏళ్ళకీ చెరకు నమిలేవాడు. రోజూ రెండుసార్లు తోమే నాకు నలభైకే పళ్ళు కదులుతున్నాయి. ఇదేం న్యాయం?

ఈ జబ్బు గురించి అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే. దీనికి దొరికిన మంచి జవాబు శ్రీలంక తేయాకు తోటల నుంచి వచ్చింది. అదే లోయె బృందం 1970 నుంచి 1985 దాకా, పదిహేనేళ్ళ పాటు, అక్కడి 480 మంది తమిళ కూలీలను మధ్యమధ్యలో పరీక్షిస్తూ వచ్చింది. అందరూ మగవాళ్ళే. పళ్ళు శుభ్రం చేసుకునే అలవాటు లేదు, పళ్ళ డాక్టరు ముఖం చూసింది లేదు. ప్రతి ఒక్కరికీ పాచి, గార, చిగుళ్ళ వాపు ఉన్నాయి. పిప్పి పళ్ళు మాత్రం దాదాపు లేవు, కాబట్టి పన్ను ఊడిందంటే అది చిగుళ్ళ జబ్బువల్లేనని చెప్పొచ్చు.

అందరి నోళ్ళూ ఒకే స్థితిలో ఉన్నప్పుడు ఫలితం కూడా ఒకేలా ఉండాలి కదా! అలా లేదు. 8 శాతం మందిలో జబ్బు శరవేగంగా ముదిరింది. 35 ఏళ్ళకే పంటిని పట్టి ఉంచే కణజాలం సగటున 9 మి.మీ. పోయింది, 45 వచ్చేసరికి 13 మి.మీ. 81 శాతం మందిలో మధ్యస్థంగా సాగింది, 35 ఏళ్ళకి 4 మి.మీ., 45 ఏళ్ళకి 7 మి.మీ. మిగతా 11 శాతం మందికి చిగుళ్ళు వాచాయి కానీ జబ్బు అక్కడే ఆగిపోయింది. 35 ఏళ్ళకి వాళ్ళు పోగొట్టుకున్నది 1 మి.మీ. కూడా లేదు. ఏమీ తోముకోకుండానే!

మీ తాతయ్య బహుశా ఆ 11 శాతంలోని మనిషి. పాచి అందరికీ చిగుళ్ళ వాపు తెస్తుంది. ఎముక పోతుందా, ఎంత వేగంగా పోతుంది అన్నది మాత్రం పాచికి ఒళ్ళు ఎలా స్పందిస్తుందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. 2000లో 117 జంటల కవలల మీద వచ్చిన ఒక అమెరికా అధ్యయనం, ఈ జబ్బులో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు సగం వంశపారంపర్యమేనని లెక్కగట్టింది. మిగతా సగంలో పొగాకు, షుగరు, శుభ్రత లాంటివి వస్తాయి. తాతయ్య నోరు చూసి మనవడు ధీమాగా ఉండకూడదు, అమ్మమ్మ వైపు నుంచి ఏం వచ్చిందో ఎవరికి తెలుసు!

అయితే ఎముకని తినేసేది బ్యాక్టీరియా కాదా?

నేరుగా కాదు. చిగుళ్ళ జబ్బులో కరిగిపోయే ఎముకని కరిగించేవి మన ఒంటి కణాలే. ఇది చాలామందికి మింగుడుపడని విషయం, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆరోగ్యమైన నోట్లో కూడా చిగురు సందు దగ్గర నిత్యం కాపలా ఉంటుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు నిమిషానికి దాదాపు 30,000 చొప్పున చిగురులోంచి నోట్లోకి వస్తుంటాయని ఒక పాత లెక్క. పాచి పెరిగి చిగురు కిందికి దిగితే, బ్యాక్టీరియా గోడల ముక్కలనీ అవి వదిలే పదార్థాలనీ చిగురు కణాలు గుర్తుపట్టి ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలతో హెచ్చరిక పంపుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, న్యూట్రోఫిల్స్ గుంపులుగా వస్తాయి. అవి బ్యాక్టీరియాని మింగుతాయి, చంపే రసాయనాలు చిమ్ముతాయి, చివరికి తమ డీఎన్‌ఏనే వలలా విసిరి వాటిని బంధిస్తాయి. నాలుగు రోజుల నుంచి వారంలోపు లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు చేరతాయి. రెండు మూడు వారాలకి యాంటీబాడీలు తయారు చేసే ప్లాస్మా కణాలు చిగురు నిండా కనిపిస్తాయి.

ఇదంతా ఎక్కడైనా గాయంలో జరిగేదే. కాకపోతే మామూలు గాయంలో క్రిములు చచ్చాక సైన్యం వెనక్కి వెళ్ళిపోతుంది. ఇక్కడ శత్రువు పంటికి అంటుకుని ఉంది, పన్నేమో గట్టి పదార్థం, దానిలోకి రక్తకణాలు వెళ్ళలేవు. పైగా పాచి జిగురు పొర ఉండనే ఉంది. పోరు ముగియదు. న్యూట్రోఫిల్స్ చిమ్మే కొలాజినేజ్ లాంటి ఎంజైములు బ్యాక్టీరియాని ఏమీ చెయ్యలేకపోయినా, పంటిని ఎముకకి కట్టి ఉంచే కొలాజెన్ నారల్ని మాత్రం కోసేస్తాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టన్నమాట.

ఎముక సంగతి ఇంకా చిత్రం. మన ఎముకల్లో కట్టే కణాలూ కూల్చే కణాలూ జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. కూల్చే కణాల పేరు ఆస్టియోక్లాస్టులు. వాటిని పనిలోకి పిలిచేది ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీన్, ఆపేది ఆస్టియోప్రొటెగెరిన్. చిగురులో పోరు నడుస్తున్నన్నాళ్ళూ టీ కణాలు, బీ కణాలు అనే లింఫోసైట్లు ర్యాంక్‌ఎల్‌ని ఎక్కువగా వదులుతాయి. ఇంటర్‌ల్యూకిన్-17 అనే మరో రసాయనం దానికి తోడవుతుంది. కూల్చివేత కట్టడాన్ని మించిపోతుంది. ఎముక పాచికి దూరంగా, కిందికి కిందికి జరుగుతుంది. బ్యాక్టీరియా ఎముకలోకి జొరబడి దవడ అంతా పాకకుండా ఒళ్ళు ఇలా వెనక్కి తగ్గుతోందని చెప్పేవాళ్ళూ ఉన్నారు, అందులో నిజం లేకపోలేదు. పోయేది మాత్రం పన్ను.

మన రక్షణ వ్యవస్థే దోషి అయితే, అది బలహీనంగా ఉన్నవాళ్ళకి ఈ జబ్బు రాకూడదు కదా?

వాళ్ళకే ఇంకా ఘోరంగా వస్తుంది. న్యూట్రోఫిల్స్ రక్తనాళం దాటి బయటికి రాలేని ఒక అరుదైన పుట్టుక లోపం ఉంది. ఆ పిల్లలకి పాలపళ్ళ నుంచే ఎముక కరిగిపోతుంది. కాపలా లేక బ్యాక్టీరియా విచ్చలవిడిగా పెరగడమే కారణమని చాలాకాలం అనుకున్నారు. కానీ న్యూట్రోఫిల్స్ అక్కడికి చేరకపోతే వాపుని ఆపే సంకేతం కూడా అందదనీ, ఇంటర్‌ల్యూకిన్-17 అదుపు లేకుండా పెరుగుతుందనీ తరువాత తెలిసింది. ఆ దారిని అడ్డుకునే, సోరియాసిస్‌కి వాడే ఉస్టెకినుమాబ్ అనే మందుని అలాంటి ఒక రోగికి ఇస్తే చిగుళ్ళ వాపు తగ్గిపోయిందని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2017లో ప్రచురించారు. బ్యాక్టీరియాని చంపే మందు కాదది!

ఇలాంటిదే మరొకటి పాపియోన్-లెఫెవ్ర్ సిండ్రోమ్. అరచేతులు, అరికాళ్ళు మందంగా పగిలినట్టుండి, పళ్ళు చిన్నప్పుడే ఊడిపోతాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా లోపమున్న జన్యువు వస్తేనే ఇది బయటపడుతుంది, కాబట్టి మేనరికాలున్న కుటుంబాల్లో అవకాశం ఎక్కువ. నాలుగైదేళ్ళకే గట్టి పాలపళ్ళు కదిలితే, అరచేతులు కూడా చూడమని డాక్టరుని అడగండి.

ఎక్కువైనా తక్కువైనా తంటాయే.

వందల రకాల్లో ఏ బ్యాక్టీరియా అసలు దోషి?

1998లో అమెరికాలోని బోస్టన్‌లో సిగ్మండ్ సొక్రాన్‌స్కీ బృందం పాచిలోని బ్యాక్టీరియాని గుంపులుగా విడదీసి రంగుల పేర్లు పెట్టింది. లోతైన సందుల్లో, ముదిరిన జబ్బులో ఎక్కువగా కనిపించిన మూడింటిది ఎర్ర గుంపు: పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సితియా, ట్రెపొనిమా డెంటికోలా. దాంతో ఈ మూడే దోషులన్న అభిప్రాయం బలపడింది.

వీటిలో మొదటిదైన పోర్ఫైరోమోనాస్ కథ మాత్రం 2011లో మలుపు తిరిగింది. ఎలుకల నోట్లోకి దాన్ని చాలా తక్కువగా, మొత్తం బ్యాక్టీరియాలో 0.01 శాతం కన్నా తక్కువగా చేర్చినా ఎముక కరిగింది. అసలే బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకల్లో దాన్ని ఒంటరిగా వదిలితే ఏమీ జరగలేదు. అంటే ఎముక పోవడానికి అదొక్కటీ చాలదు. అది మన రక్షణ వ్యవస్థలోని ఒక దారిని తికమక పెడుతుంది, తెల్లకణాలు చంపడం తగ్గించి వాపు మాత్రం కొనసాగించేలా చేస్తుంది. ఆ సందులో అంతకుముందు బుద్ధిగా ఉన్న మిగతా బ్యాక్టీరియా పెరిగి గుంపు స్వభావమే మారిపోతుంది. అందుకే, 'నా నోట్లో ఫలానా క్రిమి ఉందా లేదా' అని తేల్చే ఖరీదైన పరీక్షల వల్ల చాలామందికి చికిత్సలో మారేదేమీ ఉండదని నా అభిప్రాయం.

తీపి మానేస్తే చిగుళ్ళు బాగుపడతాయా?

తీపి మానడం పిప్పి పళ్ళకి మంచిది. చిగుళ్ళ సంగతి వేరు. లోతైన సందుల్లో పెరిగే బ్యాక్టీరియాలో చాలావాటికి చక్కెరతో పని లేదు. అవి తినేది ప్రోటీన్. పోర్ఫైరోమోనాస్‌కి అయితే రక్తంలోని ఇనుము కూడా కావాలి. వాచిన చిగురు నుంచి ఊరే ద్రవంలో తెగిన కొలాజెన్ ముక్కలు, రక్తం, ఇనుము అన్నీ ఉంటాయి. బ్యాక్టీరియా వాపు తెస్తుంది, వాపు బ్యాక్టీరియాకి తిండి పెడుతుంది, ఆ తిండితో హాని చేసే రకాలే మరింత పెరుగుతాయి. ఇలా తిరిగే చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. మనకి చేతికి అందే చోటు పాచి.

నొప్పి లేదుగా, అంత ముదిరే జబ్బు ఎలా అవుతుంది?

వాపు నెమ్మదిగా, ఏళ్ళ తరబడి సాగుతుంది, చీము లోపలే నిలిచిపోకుండా సందులోంచి బయటికి కారిపోతుంటుంది. ఒత్తిడి పెరగదు కాబట్టి నొప్పి ఉండదు. చీము బయటికి రాలేకపోయిన రోజున గడ్డ కట్టి భరించలేనంత నొప్పి వస్తుంది. అది మొదలు కాదు, ఎప్పటినుంచో ఉన్నదే.

సిగరెట్ తాగుతాను, నా చిగుళ్ళ నుంచి రక్తమే రాదు. అంటే బాగున్నట్టేనా?

మోసపోకండి. పొగాకు రక్తనాళాల స్పందనని అణచేస్తుంది, అందువల్ల చిగురు ఎర్రబడదు, రక్తం కారదు. లోపల ఎముక మాత్రం పొగ తాగనివాళ్ళకన్నా వేగంగా పోతుంది, చికిత్స చేసినా చిగురు మానడం తక్కువ. న్యూట్రోఫిల్స్ పనితనాన్ని కూడా పొగాకు చెడగొడుతుంది. బీడీ, చుట్ట ఇంతకన్నా నయమేమీ కాదు. ఖైనీ, గుట్కా పెట్టుకునే చోట చిగురు కిందికి జారిపోయి పంటి వేరు బయటపడుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టని, మంట ఉన్న కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ వేరే కథ. అది అంగిలి క్యాన్సర్‌కి దారితీస్తుంది, అక్కడ చిగుళ్ళ గురించి మాట్లాడే తీరికే ఉండదు.

షుగర్ ఉన్నవాళ్ళకి ఎందుకు ఎక్కువ? చిగుళ్ళు బాగుచేసుకుంటే షుగర్ తగ్గుతుందా?

రక్తంలో చక్కెర ఎక్కువకాలం ఎక్కువగా ఉంటే అది ప్రోటీన్లకి అంటుకుని కొత్త పదార్థాలుగా మారుతుంది. అవి తెల్లకణాల్ని రెచ్చగొట్టి వాపుని పెంచుతాయి, కొలాజెన్ మరమ్మతుని కుంటుపరుస్తాయి. కాబట్టి అంతే పాచికి అదుపులో లేని షుగరున్న మనిషి చిగురు ఎక్కువగా స్పందిస్తుంది. అదుపులో ఉన్నవాళ్ళకి ఆ ముప్పు చాలా తక్కువ.

రెండో వైపు నుంచి కూడా దారి ఉంది. చిగుళ్ళ వాపులో పుట్టే రసాయనాలు రక్తంలో కలిసి ఇన్సులిన్ పనితనాన్ని తగ్గిస్తాయి. సరైన చిగుళ్ళ చికిత్స తరువాత మూడు నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపే పరీక్ష) సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేలింది. 8.2 ఉన్నవాళ్ళు 7.8 అవుతారన్నమాట. షుగర్ మాత్రలు మానేసేంత కాదు, పట్టించుకోనక్కర్లేనంత చిన్నదీ కాదు. మన దగ్గర షుగర్ క్లినిక్కుల్లో పాదాలు చూస్తారు, కళ్ళు చూపించుకోమంటారు. నోరు తెరవమనే డాక్టర్లు ఇంకా పెరగాలి.

గర్భంతో ఉన్నాను, చిగుళ్ళు వాచి రక్తం కారుతోంది. ఇప్పుడు చికిత్స చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. హార్మోన్లు పెరగడం వల్ల అదే పాచికి చిగురు ఎక్కువగా స్పందిస్తుంది, కాన్పయ్యాక చాలావరకు సర్దుకుంటుంది. క్లీనింగుకి నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అనువైన కాలం. నెలలు నిండాక కుర్చీలో వెల్లకిలా పడుకోవడమే కష్టం. నెల సంగతి డాక్టరుకి ముందే చెప్పండి.

బీపీ మాత్ర మొదలుపెట్టాక చిగుళ్ళు పెరిగి పళ్ళ మీదికొచ్చాయి. ఇదీ ఆ జబ్బేనా?

ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ లాంటి బీపీ మందులు, మూర్ఛకి వాడే ఫెనిటోయిన్, కిడ్నీ మార్పిడి తరువాత ఇచ్చే సైక్లోస్పోరిన్ కొందరిలో చిగురుని పెంచుతాయి. పాచి ఉంటే ఇది ఇంకా ఎక్కువ. మాత్ర మీరే మానెయ్యకండి, రాసిన డాక్టరుని అడిగితే చాలాసార్లు వేరే మందు దొరుకుతుంది.

పదిహేనేళ్ళ అబ్బాయికి ముందుపళ్ళు, మొదటి దవడపళ్ళు మాత్రమే కదులుతున్నాయి. పాచి కూడా పెద్దగా లేదు. ఎలా?

వెంటనే చూపించాల్సిన రకం ఇది. పేరు పలకడానికి డాక్టర్లకే ఓపిక లేక 'ఏఏ' అని పిలుచుకునే ఒక బ్యాక్టీరియాకి దీనిలో పాత్ర ఉంటుంది. తెల్లకణాల్ని చంపే విషాన్ని అది తయారు చేస్తుంది. ఆ విషాన్ని విపరీతంగా తయారు చేసే ఒక రకం మొరాకోలోనూ, పశ్చిమ ఆఫ్రికాలోనూ బాగా కనిపిస్తుంది. ఇలాంటి కేసుల్లో వేర్లు శుభ్రం చెయ్యడంతో పాటు యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ కూడా పరీక్షించాలి.

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయనీ, సందులు పడతాయనీ అంటారు. నిజమేనా?

ఈ మాట పుట్టడానికి కారణం ఉంది. ఎముక పోయిన చోట ఆ ఖాళీని గారా, వాచిన చిగురూ నింపి ఉంచుతాయి. గార తీసేశాక వాపు దిగి చిగురు గట్టిపడి కిందికి సర్దుకుంటుంది. అప్పుడు సందులు బయటపడతాయి, పళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి, చల్లనీళ్ళు జివ్వుమంటాయి. గార ఆనుకుని నిలబడ్డ పన్ను కొన్నాళ్ళు కదిలినట్టూ అనిపిస్తుంది. సందు చేసింది జబ్బు, చూపించింది క్లీనింగ్. గార తీసే అల్ట్రాసోనిక్ పరికరం సరిగ్గా వాడితే ఎనామిల్‌ని అరగదీయదు. ఈ సంగతి ముందే చెప్పని డాక్టర్లదీ తప్పుందనుకోండి. చికిత్స తరువాత ఏం కనిపిస్తుందో రెండు నిమిషాలు వివరిస్తే ఈ అపోహ సగం పోతుంది.

యాంటీబయాటిక్ ఐదు రోజులు వేసుకుంటే సరిపోదా?

సరిపోదు. పాచి పొరలో దాగిన బ్యాక్టీరియాకి మామూలు మోతాదు మందు సరిగ్గా తగలదు. వాపు నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది, మందుకి లొంగని రకాలు మిగులుతాయి. మందుల షాపులో అడిగి అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ తెచ్చుకోవడం మన ఊళ్ళలో మామూలైపోయింది. కొన్ని తీవ్రమైన కేసుల్లో ఈ రెండిటికీ స్థానం ఉంది, అదీ వేర్ల మీది గార గీరిన తరువాతే.

మన స్పందనే ఎముకని పోగొడుతుంటే, దాన్ని తగ్గించే మందు ఇస్తే పోలేదా?

ఆలోచన సరైనదే, ప్రయత్నాలూ జరిగాయి. డాక్సీసైక్లిన్‌ని రోజుకి రెండుసార్లు 20 మి.గ్రా. చొప్పున నెలల తరబడి ఇస్తే బ్యాక్టీరియా చావదు, కానీ కొలాజెన్‌ని కోసే ఎంజైములు నెమ్మదిస్తాయి. అమెరికాలో దీనికి 1998లో అనుమతి వచ్చింది. క్లీనింగ్‌కి తోడుగా కొంత మేలు చేస్తుంది, క్లీనింగ్‌కి బదులుగా కాదు. నొప్పి మాత్రల రకం మందులు ఎముక పోవడాన్ని నెమ్మదింపజేశాయి కానీ, వాటిని ఏళ్ళ తరబడి మింగితే కడుపు, కిడ్నీలు ఊరుకోవు. స్పందనని పూర్తిగా అణచేస్తే ఏమవుతుందో పైన పిల్లల విషయంలో చూశాం. అందుకే ఇప్పటికీ చికిత్స పాచి దగ్గరే మొదలవుతుంది.

వేప పుల్ల, ఉప్పు, బొగ్గు, ఆయిల్ పుల్లింగ్ వీటిలో ఏది మంచిది?

వేప పుల్లని కుంచెలా నమిలి ఓపికగా ప్రతి పంటికీ తిప్పితే బయటివైపు పాచి పోతుంది. దవడపళ్ళ లోపలివైపుకి, పళ్ళ సందుల్లోకి అది చేరదు, జబ్బు మొదలయ్యేది ఆ సందుల్లోనే. ఉప్పునీళ్ళు వాచిన చిగురుకి హాయినిస్తాయి, అంతవరకే. బొగ్గు, ఇటుక పొడి, కచ్చిక వద్దు, పంటినీ చిగురునీ అరగదీస్తాయి. ఆయిల్ పుల్లింగ్‌తో హాని లేదు, తోమడం మానకపోతే చేసుకోండి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ మాత్రం నిజంగా పనిచేస్తుంది, కానీ వారాల తరబడి వాడితే పళ్ళకి గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకి రుచి మారుతుంది.

డబ్బు పెట్టాలనుకుంటే ఖరీదైన పేస్టు మీద కాకుండా సందుల్లోకి వెళ్ళే చిన్న బ్రష్‌ల మీద పెట్టండి. వాటిని ఇంటర్‌డెంటల్ బ్రష్ అంటారు. సైజులు ఉంటాయి, మీ సందులకి సరిపోయేవి డాక్టరునే చూపించమనండి.

పోయిన ఎముక తిరిగొస్తుందా?

చిగుళ్ళ వాపు దశలో ఎముక పోదు కాబట్టి అంతా వెనక్కి వస్తుంది. ఎముక అన్ని పళ్ళ దగ్గరా సమానంగా కిందికి దిగిపోతే తిరిగి రావడం దాదాపు ఉండదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. ఒక పంటి పక్కన నిలువుగా గుంటలా పోయినప్పుడు ఎముక పొడి, పొర లాంటివి పెట్టి చేసే ఆపరేషన్‌తో కొంత రాబట్టొచ్చు. పొగ తాగేవాళ్ళలో ఫలితం తక్కువ.

గుండెజబ్బు, మతిమరుపు కూడా దీనివల్లేనంటున్నారు?

చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో గుండెజబ్బు ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజం. పొగాకు, షుగర్ లాంటి ఉమ్మడి కారణాల్ని తీసేసి చూసినా ఆ సంబంధం ఉంటుంది. కానీ ఒకటి మరోదానికి కారణమని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో స్పష్టంగా చెప్పింది. మతిమరుపు విషయానికొస్తే, అల్జైమర్స్ రోగుల మెదడులో పోర్ఫైరోమోనాస్ ఎంజైములు కనిపించాయని 2019లో పెద్ద సంచలనం. ఆ ఎంజైముల్ని అడ్డుకునే మందుతో చేసిన ప్రయోగం 2021లో అనుకున్న ఫలితం ఇవ్వలేదు. 'చిగుళ్ళు బాగుంటే గుండెపోటు రాదు' అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే జాగ్రత్త. చిగుళ్ళని కాపాడుకోవడానికి పళ్ళు నిలవడమే చాలినంత కారణం.

ఇది అంటుకుంటుందా?

లాలాజలం ద్వారా బ్యాక్టీరియా భార్యాభర్తల మధ్య, తల్లి నుంచి బిడ్డకి చేరుతుంది. జబ్బు అలా చేరదు, అది చేరినచోటి ఒంటిని బట్టి వస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళితే ఏం అడగాలి?

'క్లీనింగ్ చెయ్యండి' అనడానికి ముందు 'నా పంటికీ చిగురుకీ మధ్య సందులు కొలిచారా' అని అడగండి. గీతలున్న సన్నటి పరికరంతో ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలవాలి. 3 మి.మీ. దాకా మామూలు, 4 వస్తే చూడాలి, 6 అంతకన్నా ఎక్కువైతే చిగుళ్ళ స్పెషలిస్టు చూడటం మంచిది. ఎక్స్‌రేలో ఎముక ఎంతవరకు ఉందో చూపించమనండి. 2018 నుంచి జబ్బుని తీవ్రతని బట్టి నాలుగు దశలుగా, ముదిరే వేగాన్ని బట్టి ఏ, బీ, సీ గ్రేడులుగా రాస్తున్నారు. పొగాకు, షుగర్ వివరాలు దాచకుండా చెప్పండి, గ్రేడు వాటిని బట్టి మారుతుంది. చికిత్స అయ్యాక రెండు మూడు నెలలకి మళ్ళీ కొలిపించుకోండి. మొదటి కొలతల కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే, 6 ఉన్నచోట 4 వచ్చిందో లేదో మీరే పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.